ఆవిడ పేరెత్తని పండు

ఈ నాలుగు పేజీలు ఆవిడ బతికుండగానే రాయవలసింది. రాయలేకపోయాను. చాలాకాలం నాకు అక్షరాలే రావు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసే మనిషిని, ఎవరి గురించి ఏం రాస్తాను? మోకాళ్ళు పోయి పని మానేశాక, మా పెందుర్తి కాలనీలో సాయంత్రాలు ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను, మనవలున్న వయసులో. గుణింతాలు వచ్చాయి, చివరికి ఒత్తులు కూడా లొంగాయి. అయినా ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే రెండో వాక్యానికే కోపం వచ్చేసేది. పెన్ను కాగితంలోకి దిగిపోయేది. టీచరమ్మ చూసి, "కోపం చల్లారాక రాయండమ్మా" అంది. చల్లారలేదు. చల్లారేలా లేదు. అందుకని కోపంగానే రాస్తున్నాను.

ఆవిడ పేరు మాత్రం రాయను. బతికున్నన్నాళ్ళూ ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. మా ఫ్యాక్టరీ బస్సులో ఆవిడకి ఒక పేరు పెట్టారు. ఆ పేరు కూడా రాయను. అది ఇంకోసారి ఎవరి నోటా పలకడం నాకిష్టం లేదు.

ఆవిడకి అరటిపండు అంటే భయం.

నవ్వు వచ్చిందా? అందరికీ వచ్చింది. నేను చెప్పవలసిందంతా ఆ నవ్వు గురించే.

మాది ఒకే వీధి. పనీ ఒకటే. అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఊడవడం, తుడవడం, బాత్రూములు కడగడం. తెల్లవారకముందే బస్సు వచ్చేది. మిషన్ల మీద కుట్టే అమ్మాయిలు, మాలాంటి పెద్దవాళ్ళు, అందరం అందులోనే. ఆవిడ ఎప్పుడూ డ్రైవరు వెనక కిటికీ పక్కన కూర్చునేది. కూర్చోగానే అద్దం తెరిచేది. వానొచ్చినా, చలేసినా ఆ అద్దం మూయనిచ్చేది కాదు. బస్సు కొంత దూరం పోయాక పైటకొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని, "వచ్చీసింది" అనేది.

"ఏటొచ్చీసింది?" అని ఎవరో ఒకరు తెలిసే అడిగేవారు.

"అదే."

వెనక సీట్లో ఎవరో టిఫిను బదులు అరటిపండు వలుచుకున్నారన్నమాట. నలభై మంది నూనె తలలు, డీజిలు కంపు, ఎవరి డబ్బాలోదో చేపల పులుసు. వాటన్నిటి మధ్యా ఆవిడకి అదొక్కటే తెలిసేది. ఆ పండు పేరు ఆవిడ నోటితో అనగా నేనెప్పుడూ వినలేదు. 'అది' అనేది. మరీ చెప్పవలసి వస్తే 'ఆ పసుపుది' అనేది. పెందుర్తి జంక్షన్‌లో పళ్ళబళ్ళు ఒక పక్కనే ఉంటాయి. ఆవిడ లారీల మధ్యనుంచి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. లారీ గుద్దితే చస్తావే అంటే, "లారీ గుద్దితే ఒకపాలి సత్తాను గదా అప్పా" అనేది. అప్ప అంటే మా వైపు అక్క.

ఆవిడ పిరికిదనుకుంటున్నారేమో. ఫ్యాక్టరీ స్టోరు గదిలో పాము దూరితే కుట్టు లైన్లన్నీ బల్లలెక్కాయి. సూపర్‌వైజరు అయితే గేటు దాటిపోయాడు. ఆవిడ చీపురుకట్టతో దాన్ని బకెట్లోకి తోసి, పైన చాట మూతేసి, తుప్పల్లో వదిలేసి వచ్చి మళ్ళీ నేల తుడుచుకుంది. "బొద్దింకని సూసి మీరు గెంతులేత్తారు. ఎవులైనా మిమ్మల్ని ఏటన్నా అన్నారా?" అని ఒక్కమాట అంది. అమ్మాయిలు నవ్వారు. మర్నాడు ఆవిడ చీపురు గూట్లో అరటి తొక్క పెట్టారు.

మిగతా పళ్ళన్నీ ఇష్టమే. పనసపండు కోస్తే మోచేతుల దాకా జిగురు చేసుకుని తినేది. తాటిపండు కాల్చుకుని పీచు కూడా చీకేది. అరటాకులో భోజనం పెడితే శుభ్రంగా కూర్చుని తినేది. దీన్ని పట్టుకున్నారు బస్సులో. "ఆకులో మెక్కుతావు, పండంటే బయ్యమేటే? అంతా యేసం!" అంది వంటశాలలో పనిచేసే ఒకామె.

"నీ మొగుడు మంచోడే గదా?" అంది ఆవిడ.

"మంచోడే. అయితే ఏటి?"

"మరి మీ అత్తో?"

ఆ రోజు బస్సంతా ఆవిడ పక్షాన నవ్వింది. అలాంటి రోజులు ఎక్కువ లేవు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది కారణం అడిగేవాళ్ళని చూస్తే. చిన్నప్పుడు గెలలో పాముందా? ఎవరైనా తింటూ పొలమారి పోయారా? చేతబడా? అమ్మవారు పూనిందా? అందరికీ ఒక కథ కావాలి. కథ ఉంటే జాలిపడతారట. లేకపోతే వేషమట. ఆవిడ ఓపిక ఉన్నంతకాలం చెప్పింది: "ఏటీ నేదమ్మా. బయ్యం. అంతే." నమ్మలేదు. ఆవిడ కూతురు సీతమ్మధారలో ఒక క్లినిక్కులో నర్సు. అది డాక్టరుగారిని అడిగి వచ్చి, "అదొక జబ్బు అమ్మా, దానికో పేరుంది" అని ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది. ఆవిడ విని, "జబ్బయితే మందియ్యి. నేకపోతే ఒగ్గీ" అంది.

ఆవిడ భర్త పోర్టు లారీ నడిపేవాడు. ఎక్కువ మాట్లాడడు. దారిలో టీ బడ్డీ దగ్గర రెండు అరటిపళ్ళు తినడం ఆయనకి అలవాటు. తిని, అక్కడే వేపపుల్లతో పళ్ళు తోముకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. ఆవిడని ఎందుకని అడగని మనిషి ఆయన ఒక్కడే. మా వైపు అమ్మవారి సిరిమాను పండగలకి జనం మొక్కుకుని అరటిపళ్ళు విసురుతారు. ఆ పూట ఆయన ఆవిడని లారీలో ఎక్కించుకుని ఎటో తీసుకుపోయేవాడు, పండగ అయిపోయాక తెచ్చేవాడు.

ఇలాగే బతుకు గడిచిపోవలసింది. బస్సులో తొక్కలు, వెక్కిరింతలు ఉన్నా గడిచిపోయేది. కూతురు కడుపుతో ఉందని తెలిసిన రోజు ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, నా గెడ్డం పట్టుకుంది. ఆ పిల్ల ప్రేమించి పెళ్ళి చేసుకుంది. అత్తవారు గోదావరి వైపునుంచి వచ్చి స్టీలు ప్లాంటు ఉద్యోగంతో ఇక్కడే స్థిరపడినవాళ్ళు. సీతమ్మధారలో మేడ ఉంది. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయిపోయింది కాబట్టి పందిట్లో గెలలున్న అరటి చెట్ల గొడవ రాలేదు. సీమంతం దగ్గర వచ్చింది.

తొలి కాన్పు పుట్టింట్లో అవాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే. కూతుర్ని ఇంటికి తెచ్చుకుని, ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసి, మనవణ్ణో మనవరాల్నో మొదట తన చేతుల్లోకి తీసుకోవాలి. దాని కోసం వెనక గది సున్నం వేయించింది. పాత చీరలన్నీ ఉతికి పొత్తిళ్ళకి చింపింది.

వియ్యపురాలు కబురు పెట్టింది. మాట చాలా మర్యాదగానే ఉంది. "మీ పిల్లని పంపడానికి మాకేం అభ్యంతరం లేదండీ. కానీ సీమంతంనాడు తల్లి తన చేత్తో అరటిపళ్ళు పెట్టి ఒడి నింపాలి. అది మా ఇంటి పద్ధతి. పండు చూసి పారిపోయే మనిషి చేతిలో పురిటి పిల్లని ఎలా పెడతామండీ? రేపు పసిగుడ్డుకీ ఆ పిచ్చే పట్టుకుంటే?"

కమలాలు పెడతాను, సపోటాలు పెడతాను, ఖర్జూరం, కొబ్బరికాయ, ఏది కావాలంటే అది పెడతానని ఆవిడ బతిమాలింది. అరటిపండే కావాలన్నారు.

ఆ సాయంత్రం బస్సు దిగాక ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "అప్పా, నాకు నేర్పు" అంది.

"ఏటి నేర్పాలే?"

"దాన్ని ముట్టుకోడం."

భయం పోగొట్టడం నాకేం తెలుసు? అయినా ఒక కాయ కొన్నాను. పచ్చిది. మా వరండా ఆ చివర పీట మీద పెట్టాను. ఆవిడ ఈ చివర గుమ్మంలో కూర్చుంది. కొంగు కొస నోట్లో కుక్కుకుంది. చెమటలు కారిపోతున్నాయి.

"అది కూకున్నాది గదా, నువ్వూ కూకో. అంతే" అన్నాను.

"అది నన్నే సూత్తన్నాది అప్పా."

"దానికి కళ్ళెక్కడియే?"

"అందుకే గదా బయ్యం!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ లేచి వెళ్ళి పెరట్లో వాంతి చేసుకుంది. వచ్చి మళ్ళీ కూర్చుంది.

రోజూ డ్యూటీ దిగాక అదే పని. పీటని కొంచెం కొంచెం ముందుకు జరిపేదాన్ని. కాయ ముగ్గుతుంటే వాసన పెరిగేది, మరీ ముగ్గిపోతే ఇంకోటి తెచ్చేదాన్ని. ఆవిడ పళ్ళు బిగించి కూర్చునేది. ఒకరోజు ఫ్యాక్టరీ రబ్బరు గ్లవుజులు తొడుక్కుని వచ్చింది. కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో తాకి, వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాక్కుంది. ఇంకొన్నాళ్ళకి గ్లవుజులతో పట్టుకుంది. ఆ తర్వాత గ్లవుజులు లేకుండా. ఆ రోజు ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పెదవులు కూడా. గట్టిగా పట్టుకుంటే పండు చితుకుతుంది, చితికితే ఇంక భరించలేదు, వదులుగా పట్టుకుంటే జారుతుంది. ఆ పండుని అరచేతిలో పెట్టుకుని, వరండా అంతా నడిచి, నా ఒడిలో వేసింది. వెంటనే పెరట్లోకి పరిగెత్తి ఫినాయిలుతో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా. తిరిగి వచ్చి, "ఏసీసినాను అప్పా! ఏసీసినాను!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ చేతులకి ఫినాయిలు కంపు.

అంతకన్నా కష్టమైన పని ఏ మనిషీ చెయ్యగా నేను చూడలేదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే అవడం వల్ల, మిగతావాళ్ళకి అదేమీ లెక్కలోకి రాలేదు.

సీమంతంనాడు మా వీధినుంచి కొందరం వెళ్ళాం. మేడ మీద హాలు. పళ్ళేల నిండా అవే. ఆవిడ మెట్ల దగ్గర ఆగి ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత లోపలికి నడిచింది. నీలం పట్టుచీర, తలలో కనకాంబరాలు. కూతురు కుర్చీలో కూర్చుని తల్లి చేతులకేసి చూస్తోంది. మా వీధి పిల్లే, కుట్టు లైన్లో పనిచేసే పిల్ల, "పిన్నీ, ఇటు సూడు, వీడియో తీత్తన్నాను" అంది. ఆవిడ పండు తీసుకుంది. వట్టి చేత్తో. కూతురి ఒడిలో పెట్టింది. ఇంకోటి పెట్టింది. నాకు అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది.

అక్కడితో వదిలేయవలసింది. ఏం కావాలన్నారో అది చేసింది కదా!

నేను సారె బుట్టలు సర్దడానికి ఇటు తిరిగాను. ఇంతలో వియ్యపురాలి గొంతు: "చూశారా, ఒట్టి అనుమానం! భయం ఎలా పోయిందో! రండి వదినగారూ, నోరు తీపి చేసుకోండి." అని పండు వలిచింది. ఆవిడ వెనక్కి అడుగు వేసింది. "వొద్దండి. దండం పెడతాను, వొద్దండి." ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుతూ చెరో చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క ముక్క! ఒక్క ముక్క తింటే జన్మకి పోతుంది!" అని నోట్లో కుక్కారు.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి ఆవిడ నేల మీద ఉంది. ఆ అరుపు ఎలా ఉందో రాయడానికి నా దగ్గర అక్షరాలు లేవు. విదిలించుకున్నప్పుడు చెయ్యి తగిలి కుంకుమ పళ్ళెం పడిపోయింది. చుట్టూ నవ్వుతున్నవాళ్ళు కుంకుమ చూసి నవ్వు ఆపారు. ఆవిడని చూసి ఆపలేదు.

"శుభమా అని సీమంతం చేసుకుంటుంటే కుంకుమ నేలపాలు చేసింది. ఇలాంటి ఇంటికి పిల్లని పంపుతామా?" అంది వియ్యపురాలు. పంపలేదు. కూతురు కాన్పు సీతమ్మధారలోనే అయింది. ఆ పిల్ల కూడా తర్వాత ఫోనులో, "ఒక్కసారి నోట్లో పెట్టుకుని ఊసీవలసింది గదమ్మా, అందరి ముందూ నా పరువు తీసేసినావు" అంది. ఆవిడ నాకు చెప్పింది. చెప్పి, "నిజమే గదా అప్పా?" అని అడిగింది. నిజం కాదన్నాను. ఎన్నిసార్లు కాదన్నా ఆవిడకి ఎక్కలేదు. వెనక గదికి తాళం వేసింది.

వీడియో మాత్రం మర్నాటికే బస్సు గ్రూపులోకి వచ్చింది. బస్సు ఎక్కడుంది, ఎంత ఆలస్యం, ఓవర్‌టైం ఉందా లేదా అని చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపు. ఎవరో ఆ వీడియోలోంచి ఆవిడ ముఖం కత్తిరించి స్టిక్కరు చేశారు. నోరు తెరిచి, కళ్ళు తేలేసి ఉన్న ముఖం. ఓవర్‌టైం అంటే ఆ స్టిక్కరు. సూపర్‌వైజరు వస్తున్నాడంటే ఆ స్టిక్కరు. వానంటే ఆ స్టిక్కరు. ఆవిడ అదే బస్సులో, అదే కిటికీ పక్కన కూర్చునేది. చుట్టూ ఫోన్లు టింగుమంటుంటే రోడ్డుకేసి చూస్తుండేది. ఆ తర్వాత 'వచ్చీసింది' అనడం కూడా మానేసింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మానేసింది. వాసన తెలుస్తున్నట్టు ఆవిడ మెడ నరాలు చూసి నాకు అర్థమయ్యేది.

మొన్న పోయింది. పొద్దున్న నూతి గట్టు దగ్గర పడిపోయింది, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండె అన్నారు. పని మానేసినా నేను గ్రూపులో ఉన్నాను. ఇప్పుడు చదవడం వచ్చు కాబట్టి ఎవరో పెట్టిన వార్త నేనే చదివాను. కింద దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. ఆ వరస మధ్యలో ఆవిడ స్టిక్కరు.

పెట్టినవాళ్ళ చెయ్యి జారిందట. దండం పెట్టబోతే పక్కది తగిలిందట. రోజూ వాడేది కాబట్టి పైనే ఉందట. ఆ మాట చెప్పి క్షమాపణ అడిగారు. ఆ క్షమాపణే నాకు ఎక్కువ మండింది. మనిషి పోయి ఏళ్ళు కాలేదు, నెలలు కాలేదు, ఇంకా ఒళ్ళు చల్లారలేదు. ఆవిడ భయం మాత్రం వాళ్ళ చేతికింద రోజూ వాడుకునే వస్తువులా ఉంది.

పెద్దకర్మనాడు వెళ్ళాను. ఫొటో పెట్టారు. దండ వేశారు. ఫొటో ముందు, ఆవిడ ముఖానికి ఎదురుగా, ఒక అత్తం అరటిపళ్ళు. వాటిలో ఒక పండుకి గుచ్చిన అగరొత్తులు. ఎవరో చూడకుండా చేసిన పని. అందరిళ్ళల్లో అలాగే గుచ్చుతారు, ఇక్కడా గుచ్చారు. ఆలోచించనివాళ్ళ మీద కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది.

వెళ్ళి అగరొత్తులు పీకాను. గ్లాసులో బియ్యం పోసి అందులో గుచ్చాను. పళ్ళు ఎత్తి పట్టుకుని బయటికి నడుస్తుంటే వియ్యపురాలు గుమ్మంలో నిలబడింది.

"అదేవిటండీ, పోయాక కూడా భయమేనా?" అంది. ఒకరిద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వడానికే.

"ఆవిడకి కాదండి. మీరు మళ్ళీ నోట్లో కుక్కుతారేమోనని నాకు" అన్నాను.

పంతులుగారి ముందు కూర్చున్న ఆవిడ భర్త తల ఎత్తాడు. గుండు చేయించుకుని, తడి పంచెతో, మనిషి సగమై ఉన్నాడు. "తీసీ అప్పా," అన్నాడు. "అన్నీ తీసీ." నేను పంతులుగారి దగ్గరున్న పళ్ళేల్లో పళ్ళు కూడా తీసి, అన్నీ బయట ఆవుకి పెట్టేశాను.

సాయంత్రం కూతురు మా ఇంటికి వచ్చింది. దాన్ని చూడగానే నాకు మళ్ళీ కోపం వచ్చింది. కూర్చోమనలేదు. "నీ ఫోనులో ఆ వీడియో ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"నా కళ్ళముందు తీసీ."

అది ఫోను గట్టిగా పట్టుకుని, "పెద్దమ్మా, అమ్మ గొంతు నా దగ్గర ఇంకెక్కడా నేదు" అంది. "నాను ఎప్పుడూ ఫోను అటు తిప్పనేదు. అమ్మే గదా, ఎక్కడికి పోద్ది అనుకున్నాను."

అది నా పక్కన నేల మీద కూర్చుని వీడియో పెట్టింది. నేనెప్పుడూ దాన్ని చూడలేదు. మొదట్లో హాలు, మాటలు, గాజుల చప్పుడు. ఆవిడ చెయ్యి కనిపించింది. పండు, ఆ తెల్లబడ్డ వేళ్ళు. ఒడిలో పెట్టింది. పెట్టి వంగి, ఎవరికీ వినిపించకూడదన్నట్టు కూతురి చెవిలో అంది. వీడియో తీసిన ఫోను దగ్గరగా ఉంది కాబట్టి ఆ మాట దొరికింది.

"ఓలమ్మా, నాను పెట్టీసినాను సూడు. ఇంటికి రా."

కూతురు అక్కడ ఆపింది. తర్వాతది చూపించలేదు. వేళ్ళతో ఏదో లాగి, నొక్కి, ఆ మాట తర్వాత ఉన్నదంతా కోసేసింది. మిగిలిన ఆ చిన్న ముక్కని మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. నాకు దాని మీద జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కానీ కోపం కూడా పోలేదు. ఆ మాట ఆవిడ బతికుండగా దీని చెవిలోనే కదా అంది!

"నా ఫోనులో తీసీసినాను పెద్దమ్మా. మిగతావోళ్ళ ఫోన్లలో ఉంటాది గదా" అంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి స్నానం చేశాను. కర్ర పట్టుకుని బస్సాగే చోటికి నడిచాను. బస్సు వచ్చింది. డ్రైవరు నన్ను చూసి తలుపు తీసి, "ఏటప్పా, మళ్ళీ డ్యూటీకా?" అన్నాడు.

"డ్యూటీకే" అన్నాను.

ఎక్కి, కడ్డీ పట్టుకుని, అందరి వైపూ తిరిగి నిలబడ్డాను. ఎవరో సీటు ఇవ్వబోతే కూర్చోనన్నాను. "అందరూ ఫోన్లు తియ్యండి. ఆవిడ బొమ్మ ఉన్నోళ్ళు నా ముందు తీసీయండి. వీడియో ఉన్నోళ్ళు అదీ తీసీయండి. నాకు సదవడం వొచ్చు, స్టిక్కరు ఎక్కడ దాసుకుంతారో కూడా తెలుసు. తీసీదాకా నాను దిగను, అచ్యుతాపురం అయినా సరే."

వీడియో తీసిన మా వీధి పిల్ల ముందు సీట్లోనే ఉంది. "ఎప్పటిదో గదా పెద్దమ్మా, ఊరికే సరదాకి..." అని గొణిగి, నా ముఖం చూసి ఫోను తీసింది. పక్కనున్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ బస్సు నడుపుతున్నాడు.

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

కర్ర పట్టుకుని అక్కడికే నడిచాను. అక్కణ్ణించే మొదలుపెట్టాను.